తలకు రాసుకున్న తీర్థం

పెదకాకాని,
ఆగస్టు 2002.

తమ్ముడు పూర్ణచంద్రరావుకి,

గుడి కమిటీ ప్రెసిడెంటు హోదాలో కబురు పంపావు. వానల కోసం చేసిన అభిషేకాన్ని నేను పాడుచేశానట, పుట్టింటికి వచ్చి స్వామి ముందు లెంపలేసుకోవాలట. వేసుకుంటాను. ముందు ఇది చదువు.

సహస్ర ఘటాభిషేకమంటే ఊళ్లో ఇంటింటి ఆడవాళ్లూ బావి నుంచి బిందెలు మోసుకొచ్చి శివలింగాన్ని నీళ్లతో ముంచెత్తడం. అందరి చెమటా చూసి ఆయన కరగాలని. నీకు అంత ఓపిక ఏదీ? ట్రాక్టరు మీద డ్రమ్ములతో నీళ్లు తోలించావు. అవి నీ మిరపచేలో పురుగుమందు కలిపే డ్రమ్ములు. అడిగితే "శుభ్రంగా కడిగించానే అక్కా" అన్నావు. గర్భగుడంతా మందు కంపు. శివుడికేంలే, విషం మింగడం ఆయనకు అలవాటే. జనానికి లేదుగా!

పూజారి ఆ నీళ్లే తీర్థమని పంచబోయాడు. పెద్దమనిషివని మొదట నీకే పోశాడు. నువ్వు చెయ్యి ముక్కు దాకా తెచ్చి, ఆగి, తలకు రాసుకున్నావు. నీ కూతురు నాగజ్యోతి చెయ్యి చాస్తే వెనక్కి లాగావు. వెనక నిలబడ్డ జనానికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. అందుకే పూజారి చేతిలో గిన్నె లాక్కుని నేలకేసి కొట్టాను.

ఆ రోజే గర్భగుడిలో మిగిలిన తీర్థం ఒక సీసాలో పట్టి తెచ్చుకున్నాను, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఊరందరి ముందూ ఒక్క గుక్క తాగు, ఆ పూటే వచ్చి లెంపలేసుకుంటాను.

సీసా నాగజ్యోతికి అందేచోట పెట్టకు. ఆ జాగ్రత్త నీకు నేను చెప్పాలా!

మీ అక్క