గుమస్తా ముందు పడిపోయిన నా నోరు

శనివారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. శ్రీకాకుళంలో ఆ ప్రైవేటు కాలేజీ గుమస్తా మా అమ్మాయి లక్ష్మి ఇంటర్ సర్టిఫికెట్లు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏటమ్మా, ఎండు సేపల గంపలో దాసినారా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

కళింగపట్నంలో పురాణం చెప్పడానికి మైకు పట్టుకుంటే రెండు గంటలు గర్జిస్తాను. అధర్మం ఎదుట నోరు మూసుకున్నవాడూ పాపే అని మొన్ననే అరిచాను. సంచిలో గ్రంథం ఉంది, నాలుక మీద శ్లోకం ఉంది. అయినా నర్సింగు సీటు వాడి చేతిలో ఉందని, "సిత్తం బాబూ" అన్నాను. సిత్తమట! థూ!

లక్ష్మే తలెత్తింది. "అవునండి, మాయమ్మ సేపలమ్మే నన్ను సదివించినాది. సీటు ఉన్నాదా, నేదా? అది సెప్పండి."

వాడు జాబితా తెరవనైనా లేదు. "అయిపోనాయి" అన్నాడు.

రెండేళ్లు ఆ సీటు కోసమే చదివింది పిల్ల. బస్సులో ఓదార్చబోయి, అంతా దైవేచ్ఛ తల్లీ అని మొదలుపెట్టాను.

"ఉపన్యాసం వొద్దు నాన్నా. సోమవారం ఇంకో కాలేజీకి అమ్మతో ఎల్తాను. నువ్వు రాకు."

ఇంటికొచ్చి ఆ మాటే తల్లికి చెప్పింది. నేనెందుకు వద్దో ఆవిడ అడగనైనా లేదు.