చెప్పకుండా కోసిన చెట్టు

ఏప్రిల్ 17

కాల్‌బైశాఖి గాలివాన. నాలుగింటికే చీకటి. సంత్రాగాఛి స్టేషను దాటిన దగ్గర్నుంచి లైనంతా చెట్లే. లోకల్ రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జనం దిగి పట్టాల వెంట నడిచారు. నెత్తిన బుట్టలతో చేపలమ్మే ఆడవాళ్ళు, బూట్లు చేత్తో పట్టుకున్న ఆఫీసు బాబులు. ఇంకెంతసేపు దాదా అని ఒకడు. అంత ముద్దుగా కోస్తున్నారు, చెట్టు మీ మావగారిదా అని ఇంకొకడు. మా కుర్రాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

పడ్డవాటిని త్వరగానే తీశాం. మలుపు దగ్గరి నిద్రగన్నేరు మాత్రం పడలేదు. పెద్ద కొమ్మ విరిగి కరెంటు తీగ మీద వేలాడింది. మాను లైను మీదికి వంగింది. మొత్తం కోసెయ్యమని ఇంజనీరు ఆర్డరు.

పడ్డ చెట్టుకు ఎవరూ చెప్పనక్కర్లేదు, గాలే చెప్పి ఉంటుంది. నిలబడ్డ చెట్టుకు ముందురోజు చెప్పాలి. మా రైల్వే గ్యాంగులో మా నాన్న కాలం నుంచీ అంతే. పెద్దవాడు మాను మీద అరచెయ్యి పెట్టి, రేపు వస్తున్నాం, నీ మీద ఉన్నవాళ్ళు ఫలానా చోటికి వెళ్ళిపోండి అని చెబుతాడు. గొడ్డలి మానుకు ఆనించి వస్తాడు. కోత మర్నాడే. ఇన్నాళ్ళూ బంగారయ్య చెప్పేవాడు. జనవరిలో రిటైరయ్యాడు. ఇప్పుడు గ్యాంగుకు పెద్ద, మేట్‌ని నేను.

టైము లేదు. పైగా కొత్త కుర్రాళ్ళ ముందు చెట్టుతో మాట్లాడటానికి సిగ్గేసింది. ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి. నిద్రలో ఉంది. అలాగే కోశాం.

ఏప్రిల్ 18

దుంగలు లారీలో వెళ్ళిపోయాయి. మొదలు తవ్వి మట్టి కప్పాం. రంపం చెయిన్ ఒకటి పోయింది. టీలు నా ఖర్చే.

సాయంత్రం కాకులు వచ్చాయి. చెట్టు ఎంత ఎత్తుండేదో అంత ఎత్తులో తిరిగాయి. ఒకటి రెండు రెక్కలు ముడిచి కూర్చోబోయి, జారి, మళ్ళీ ఎగిరాయి. గూళ్ళు పోయాయి కదా, అలవాటు పడతాయి అనుకున్నాను.

ఏప్రిల్ 21

కాకులు ఇవాళ తిరగలేదు. అదే ఎత్తులో కూర్చున్నాయి.

ఏప్రిల్ 24

వాన. లైను చూడటానికి ఒక్కణ్ణే వెళ్ళాను. మలుపు దగ్గర నేల అంతా తడిసింది. ఒక్కచోట తడవలేదు. పొడి మట్టి, గుండ్రంగా, ఇల్లంత వెడల్పు. అందులోకి వెళ్ళి గొడుగు ముడిచాను. నా మీద చుక్క పడలేదు.

వాన ఆగింది. అప్పుడు అక్కడ మొదలైంది. పెద్ద పెద్ద చుక్కలు, ఆగి ఆగి, ఆకుల మీంచి జారినట్టు. తలెత్తితే ఉత్త ఆకాశం. ఒక చుక్క కంట్లో పడింది. చేదుగా ఉందేమో అని నాలుకతో చూడాలనిపించింది. చూడలేదు.

కుర్రాళ్ళకు చెప్పలేదు.

ఏప్రిల్ 26

యోగేశ్ మా అమ్మాయి భాను మొగుడు. లోకల్ నడుపుతాడు. ఇవాళ సాయంత్రం మలుపులో ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. చెట్టు పడిందని కంట్రోలుకు ఫోన్ చేశాడు. రంపాలు పట్టుకుని పరిగెత్తాం. పట్టాల మీద ఆకు కూడా లేదు.

బండి నిండా జనం. పడినవాళ్ళు, తిట్టినవాళ్ళు. తాగి నడుపుతున్నావా దాదా అని ఒకడు అద్దం మీద కొట్టాడు. యోగేశ్ కిటికీలోంచి నన్ను చూసి, ఏటి మావా అలగ నిలబడిపోనావు, ఎదరే ఉంది గదా, తీయించు అన్నాడు. నేను ఉత్త పట్టాల వైపు చూశాను. నా మొహం చూశాక వాడు తల లోపలికి తీసుకున్నాడు.

ఏప్రిల్ 30

మళ్ళీ. అదే మలుపు, అదే వేళ. ఈసారి ఒక ముసలావిడ చెయ్యి విరిగింది. యోగేశ్‌ని డ్యూటీ నుంచి దింపి మెడికల్‌కి పంపారు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయట.

మే 3

భాను వచ్చింది. ఎనిమిదో తారీకు సాయంత్రం యోగేశ్‌కి ఆఖరి పరీక్షట. ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడతాడు. లేని చెట్టుకు మళ్ళీ బ్రేకు వేస్తే ఇక జన్మలో బండి ఇవ్వరు.

ఆ తరవాత గొంతు తగ్గించింది. బండోళ్ళందరికీ కనబడతాందంట నాన్నా, ఎవులూ సెప్పరంట, కళ్ళు మూసుకుని దాటించెత్తన్నారంట అంది. ఈయన్నీ అలగే సెయ్యమన్నాను, యినడు అంది. ఆ మలుపులోనే గదా చేపలోళ్ళు పట్టాలు దాటతారు, నాను కళ్ళు మూసిన రోజే నిజంగా ఏదైనా అడ్డం ఉంటే ఏటి సేత్తావు అంటాడట.

ఏడ్చింది. తరవాత నా మీద పడింది. నువ్వయినా ఒక మాట సెప్పు నాన్నా, నీ నోట్లోంచి మాట రావాలంటే ఇంజనీరు సంతకం గావాలా అంది.

వాడు చెప్పినదే సరైనదని నాకు తెలుసు. అది కూడా చెప్పలేకపోయాను.

మే 4

ఇవాళ నేనూ చూశాను. సాయంత్రం నాలుగు బళ్ళు మలుపు దాటాయి. నాలుగింటిలోనూ నడిపేవాడి తల పక్కకు తిరిగి ఉంది.

మే 5

ఖిదిర్‌పూర్ వెళ్ళాను. బంగారయ్య కొడుకు దగ్గర ఉంటున్నాడు, ఓడరేవు కూలీల ఇళ్ళ లైన్లలో. గుమ్మంలో కూర్చుని ఎండు చేపలు తిరగేస్తున్నాడు. నన్ను చూసి, గవరయ్యే వచ్చినాడు, వాన పడతాదిరో అని లోపలికి కేకేశాడు. నాకు తెలిసినంతలో నా జీవితంలో అంత సేపు మాట్లాడింది ఇవాళే. మొత్తం చెప్పాను.

ముందు తిట్టాడు. మాటకి కూలీ ఇత్తారని సూసినావేటిరా, ఒక్క ముక్క, రెండు ముక్కలు, నోరు అరిగిపోద్దా అన్నాడు. తరవాత చేపలు తిరగెయ్యడం ఆపాడు. నిద్దర్లో కోసినారు గదరా, దానికి తెలీదు, పోయినట్టు తెలీనిది ఎలగ పోద్ది అన్నాడు.

నువ్వొచ్చి చెప్పు అన్నాను. కోసినోడే సెప్పాల అన్నాడు. ఎండ ఉండగా సెప్పు, ఆకు విచ్చుకుని మెలకువగా ఉంటాది. దాని మీద ఉన్నోళ్ళకి ఉత్తినే పొండి అంటే సాలదు, చోటు సెప్పాల. చోటు సెప్పకపోతే కదలరు అన్నాడు.

ఎవరు ఉంటారని అడిగాను. కాకులేగాదురా అన్నాడు. చేపలు కట్టి ఇచ్చాడు.

మే 7, మధ్యాహ్నం

ఒక్కణ్ణే వెళ్ళాను. మంచి ఎండ. మలుపు దగ్గర మాత్రం చల్లగా ఉంది. నా నీడ అక్కడికి రాగానే కనబడటం మానేసింది.

దాని మీద ఉన్నవాళ్ళను ఏ చెట్టుకు పంపాలో ముందే చూసుకోవాలి కదా. లైను వెంట చాలా దూరం నడిచాను. ప్రతి మాను మీదా ఎర్ర రంగు గీత. వానాకాలం లోపల కొట్టెయ్యాల్సినవి. పోయిన వారం ఆ గీతలు పెట్టింది మేమే.

తిరిగి వచ్చాను. గాలిలో చెయ్యి చాపాను. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూశాను. అరచెయ్యి ఆగింది. గరుకు బెరడు. ఎండకు కాగి ఉంది. చీమ ఒకటి వేలి మీదికి ఎక్కింది.

నిన్ను కోసేశాం అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. నువ్వు నిద్రలో ఉన్నావు, లేపాల్సింది, లేపలేదు. నీ దుంగలు కూడా వెళ్ళిపోయాయి. మా అల్లుడు నువ్వున్నావనుకుని బండి ఆపుతున్నాడు. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుంటున్నారు. ఇక చాలు అన్నాను.

పైన ఆకులు కదిలిన చప్పుడయింది. గాలి లేదు.

నీ మీద ఉన్నవాళ్ళు, అన్నాను. ఆ తరవాత చోటు చెప్పాలి. ఏ చెట్టు పేరు చెప్పినా అబద్ధమే అవుతుంది. మా ఇల్లు, సంత్రాగాఛి క్వార్టర్లు, చివరి లైను, నీలం తలుపు అన్నాను. నాతో రండి అన్నాను.

గొడ్డలి ఆనించాను. నిలబడింది. కింద మట్టి తప్ప దాని వెనక ఏమీ లేదు. వచ్చేటప్పుడు వెనక్కి తిరగలేదు. నడుస్తుంటే వీపు చల్లగా ఉంది.

మే 8

ఉదయం వెళ్ళాను. గొడ్డలి నేల మీద పడి ఉంది.

సాయంత్రం మళ్ళీ గాలివాన. భాను ఫోన్. మలుపులో యోగేశ్ బ్రేకు వేశాడట. వద్దు వద్దు అని ఇన్‌స్పెక్టరు వాడి చెయ్యి పట్టుకోబోయి, ముందుకు చూసి, తనే అరిచాడట. బండి ఆగాక ఇద్దరూ దిగారట. ఇన్‌స్పెక్టరు ముట్టుకుని చూశాడట. ఎర్ర గీత ఉన్న మాను, పట్టాలకు అడ్డంగా. అవతల ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్ళు దాన్ని ఎలా దాటాలా అని నిలబడి ఉన్నారట.

ఎదర బండోడికి అది కనబడలేదా నాన్నా అని అడిగింది. ఎదర బండి వెళ్ళాకే పడిందమ్మా అన్నాను. నాకు తెలియదు.

యోగేశ్ పాత చెట్టు కనబడలేదన్నాడట.

మే 9

వాన తెల్లారకముందే ఆగింది. ఎండ వచ్చింది. మా గుమ్మం ముందు చుక్కలు ఇంకా పడుతున్నాయి, ఆగి ఆగి.