పడవ పాట దగ్గర అరిగిన టేపు

డార్నల్,
11 సెప్టెంబరు 1995

మెరీబ్యాంక్‌లో ఉన్న వాసుదేవరావు బాబుకి, డార్నల్ చక్కెర మిల్లు కూలీల ఇళ్ల నుంచి సావీ దీవించి రాయడం.

నువ్వు నాకు తెలియదు, నేను నీకు తెలియను. గుడి పత్రికలో నీ ప్రకటన చూశాను. పాత తెలుగు సినిమా టేపులు ఎవరు పంపినా బాగుచేసి ఇస్తానన్నావు. నా రాత చూసి నవ్వకు. మిల్లు వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు మా తాత నేర్పిన అక్షరాలివి. మా పిల్లలకి అవి కూడా రావు.

ఈ ఉత్తరంతో ఒక టేపు పంపుతున్నాను. 83లో మా మిల్లు వాళ్ల హాల్లో తెల్ల దుప్పటి కట్టి రీలు సినిమా ఆడించినప్పుడు, పక్కన స్టాంగర్ ఊరి నుంచి పెళ్లిళ్లకు వీడియో తీసేవాడొకడు వచ్చి కెమెరా పెట్టి తీశాడు. రాజులూ రాక్షసుడూ ఉన్న సినిమా. పడవ పాట దగ్గరికొచ్చేసరికి కీచుమంటోంది.

దీపావళికి ముందు పెద్దలకు పెట్టుకునే రోజుకల్లా నాకు అందాలి. ఈ ఇంట్లో అదే ఆఖరుసారి. డిసెంబరులో ఇల్లు వదిలేసి పైన్‌టౌన్‌లో మా అమ్మాయి ఫ్లాటుకి వెళ్లిపోతున్నాను. ఆ రోజు ఆ టేపు ఆడకపోతే నా బతుక్కి పెద్ద లోటు.

ఉంటాను,
సావీ

తా.క. పెట్టె మీద పసుపు మరక ఉంది. తుడవకు.


మెరీబ్యాంక్,
22 సెప్టెంబరు

పూజ్యులు సావీ అమ్మగారికి, వాసుదేవరావు నమస్కరించి రాసుకునే సంగతులు.

టేపు అందింది. తణుకు నుంచి సముద్రం దాటి ఈ దేశం వచ్చి మొబేని ఫ్యాక్టరీలో చేరి ఏడాదయింది. ఈ ఏడాదిలో నాకింత సంతోషం కలిగిన రోజు లేదు. ఈ సినిమా కాపీలు నా దగ్గర ఇంకో రెండున్నాయి. ఒకదానికి రంగు లేదు, ఇంకోదానికి మాట లేదు. మూడిట్లోనూ మంచి ముక్కలు ఏరి, ఒక వీడియో డెక్కులో ఆడిస్తూ ఇంకో డెక్కులోకి ఎక్కిస్తూ, ఒక్క నిండు సినిమా చెయ్యడమే నా పిచ్చి. సెలవు రోజులన్నీ దీనికే పోతున్నాయి.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. పడవ పాటలో ఒకే ఒక్కచోట టేపు బాగా అరిగిపోయింది. ఎవరో వెనక్కి తిప్పి తిప్పి, సరిగ్గా అక్కడే ఆపి, చాలాసేపు అలాగే ఉంచేస్తున్నారు. ఇంట్లో మనవలుంటే దయచేసి రిమోటు దాచెయ్యండి. మీ టీవీలో రంగు ఎలా కనిపిస్తుందో కూడా రాయండి, దానికి తగ్గట్టు సరిచేస్తాను.

విధేయుడు,
వాసుదేవరావు

తా.క. అరిగినచోట ఒకావిడ టీ పళ్లెంతో దుప్పటికి అడ్డంగా నడిచింది. ఆవిడ నీడ రాకుమారి మొహం మీద పడింది. ఆవిణ్ణి తీసేస్తాను, మీరు నిశ్చింతగా ఉండండి.


డార్నల్,
30 సెప్టెంబరు

వాసుదేవరావు బాబుకి సావీ ఆశీస్సులు.

ఇంట్లో మనవలు లేరు. ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. రిమోటు పోయి ఆరేళ్లయింది.

రంగు ఎలా ఉందని అడిగితే ఏం చెప్పను? ఆ టేపు నేను ఎప్పుడూ చూడలేదు. అది చూడ్డానికి కాదు నాయనా. మా ఆయన అంకయ్య 84లో పోయాడు. పెద్దల రోజున ఆయనకు ఇష్టమైనవన్నీ వంటింటి బల్ల మీద పెడతాను. ఎండుచేప పులుసు, చెరుకుతో కాసే కేన్ సారా ఒక గ్లాసు, సిగరెట్ పెట్టె. టీవీ, వీడియో కూడా అక్కడికే మోసుకొచ్చి టేపు పెట్టి, తలుపు మూసి బయటికొస్తాను. మా వైపు అందరూ అంతే, పెద్దలు తినేటప్పుడు మనం చూడకూడదు. తలుపు బయట ముక్కాలి పీట వేసుకుని, ఏడాదిలో జరిగినవన్నీ ఆయనకు చెబుతాను. సగం మా అత్త మీద చాడీలే. బతికుండగా చెబితే ఆయన వినేవాడు కాదు. సినిమా అయ్యాక తలుపు తీస్తే పళ్లెం తోమినట్టుంటుంది, గ్లాసు ఖాళీ. పదకొండేళ్లుగా ఒక్క ఏడూ తప్పలేదు.

ఈసారి ఆయనకు పైన్‌టౌన్ అడ్రసు చెప్పాలి. చెప్పకపోతే వచ్చే ఏడు ఈ ఇంటికే వచ్చి, ఎవరిదో వంటింట్లో వెర్రిమొహం వేసుకుని నిలబడతాడు.  అందుకే తొందరపెడుతున్నాను.

ఉంటాను,
సావీ

తా.క. నిరుడు తెల్లవాళ్లతో సమానంగా మనందరికీ ఓటొచ్చిన సంగతి చెప్పాను. లైన్లో మిల్లు మేనేజరు భార్య, ఆ తెల్ల దొరసాని, నా వెనకాల నాలుగు గంటలు నిలబడిందన్నాను. లోపల పాట టక్కున ఆగిపోయింది. ఆయనకూ నమ్మకం కలిగినట్టు లేదు.


మెరీబ్యాంక్,
12 అక్టోబరు

సావీ అమ్మగారికి నమస్కారాలు.

కొత్త టేపు పంపుతున్నాను. గీత లేదు, మరక లేదు, కీచు లేదు. పడవ పాట ఇంత తేటగా ఈ దేశంలో ఎవరూ చూసి ఉండరు. పాతది నా దగ్గరే భద్రంగా ఉంచాను. అసలు టేపుని రెండోసారి పోస్టులో పంపకూడదన్నది మా పిచ్చివాళ్లందరి నియమం.

మీ నమ్మకాన్ని నేను కాదనను. నేను యంత్రాల మనిషిని. వీడియోలు వాటంతటవే ఆగడానికి వంద కారణాలుంటాయి.

విధేయుడు,
వాసుదేవరావు

తా.క. ఆ కారణాల్లో ఒకటి నాకూ తగిలింది. పొద్దుటి షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం గదికొస్తే పడవ పాట ఆడుతూ ఉంటోంది. వెళ్లేటప్పుడు కట్టేసినట్టే గుర్తు. డెక్కు తుడవాలి.


డార్నల్,
23 అక్టోబరు

వాసుదేవరావుకి.

తలుపు తీసేసరికి పులుసు మీద తెట్టు కట్టింది. గ్లాసు నిండుగా ఉంది. సిగరెట్ పెట్టె మీద కాగితం కూడా ఊడలేదు. పాట ఒక్కసారి కూడా ఆగలేదు, మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరిదాకా గడగడా ఆడేసింది. పైన్‌టౌన్, మూడో అంతస్తు, లిఫ్టు దిగగానే ఎడమపక్క అని నాలుగుసార్లు చెప్పాను. ఎవరికి చెప్పాను? గోడకి.

నా మనిషి రాలేదు. నీ టేపులో ఏం తక్కువ చేశావో నిజం చెప్పు.

సావీ

తా.క. పక్కింటి ఆగ్నెస్ చూసి బొమ్మ ఎంతో బాగుందంది. నాకు బాగుండక్కర్లేదు.


మెరీబ్యాంక్,
31 అక్టోబరు

సావీ అమ్మగారికి, సిగ్గుపడుతూ వాసుదేవరావు.

తప్పు నాదే. రెండు టేపులూ పక్కపక్కన ఆడించి చూశాను. తేడా ఒక్కచోటే ఉంది. పాతదాంట్లో నీడగా అడ్డం వచ్చే ఆవిడ కొత్తదాంట్లో లేదు. పొట్టి మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుంది. టేపు అరిగింది సరిగ్గా ఆవిడ దుప్పటి మధ్యకు వచ్చినచోటే. ఆపినవాళ్లు పాట కోసం ఆపలేదమ్మగారూ, ఆవిడ కోసం ఆపారు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని మూడు రోజులు ఊగిసలాడాను. మా ఇల్లుగలావిడ బెరిల్ నాలుగు రోజుల కిందట నన్ను నిలదీసింది. ఈ గది ఒంటరివాడికని ఇచ్చానే, లోపల ఎవర్ని తెచ్చిపెట్టావని. నేను ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు పాట వినిపిస్తోందట, మధ్యలో ఆగుతోందట, మళ్లీ మొదలవుతోందట. డెక్కు తీగ పీకేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మళ్లీ పెట్టి ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది.

విధేయుడు,
వాసుదేవరావు

తా.క. నేను ఎంగిలి గిన్నెలు వదిలేసి వెళ్లే రకం. వారం రోజులుగా నేను వచ్చేసరికి సింకులో ఎంగిలి గిన్నె ఒక్కటీ ఉండటం లేదు.


డార్నల్,
6 నవంబరు

నా తండ్రి వాసుదేవరావుకి సావీ వెయ్యి దీవెనలు.

ఆ పొట్టి మనిషిని నేనే. ఆ రోజు హాలు వెనక టీ కాచింది నేను, పంచింది నేను. ఒక్క ముక్క సినిమా చూడలేదు. పదకొండేళ్లుగా ఆయన టేపు ఆపుకుని చూసింది నన్ను! బతికుండగా ఒక్కసారీ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఉత్తరం చేతిలో పట్టుకుని పొద్దున్నంతా ఆగ్నెస్ ఇంటికీ మా ఇంటికీ తిరిగాను. ఈ వయసులో సిగ్గు కూడా వేసింది.

నువ్వు దిగులుపడకు. ఆయన టేపు వెంట నీ గదికొచ్చాడు, అంతే. పెద్దల రోజు దాటినా పర్వాలేదు. ఎండుచేప పులుసు వండి, కేన్ సారా, సిగరెట్లు పెట్టి, పాత టేపు వేసి తలుపు మూసెయ్యి. బయట నిలబడి పైన్‌టౌన్ అడ్రసు నెమ్మదిగా చెప్పు, ఆయనకి ఎడమ చెవి సరిగా వినపడదు.

ఉంటాను,
సావీ

తా.క. పులుసులో ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యి. ఆయనకు నా చెయ్యి అలవాటు.


మొబేని,
14 నవంబరు

సావీ అమ్మగారికి నమస్కారాలు.

ఇది ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను. నిద్రపోవడానికి తప్ప గదికి వెళ్లడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం మీరు చెప్పినట్టే చేశాను. ఎండ దండిగా ఉంది, బెరిల్ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నేను తలుపు బయట నిలబడి అడ్రసు చెబుతుంటే ఆవిడ నన్ను చూసిన చూపు మరిచిపోలేను. లోపల పాట వచ్చింది, ఆగింది. ఆ ఆగినంతసేపూ కుళాయి నీళ్ల చప్పుడు. నేను యంత్రాల మనిషినని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తలుపు తీశాను. పులుసు ఎవరూ ముట్టలేదు. గిన్నెలోకి తీసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచారు. పళ్లెం తోమి బోర్లించి ఉంది. గ్లాసు కూడా. సారా వాసన సింకు గొట్టంలోంచి వస్తోంది. సిగరెట్లు ఒక్కొక్కటీ విరిచి చెత్తబుట్టలో పడేశారు. టీవీలో మీ నీడ కదలకుండా నిలబడి ఉంది.

అమ్మగారూ, అంకయ్యగారు గిన్నెలు బాగా తోమేవారా?

విధేయుడు,
వాసుదేవరావు

తా.క. సగం తోమిన నా పాత బాణలి కూడా మళ్లీ తోమారు. అది నల్లది అనుకుని కొన్నాను. కాదట.


డార్నల్,
19 నవంబరు

బాబూ వాసుదేవరావూ,

అంకయ్య అరవై ఏళ్ల బతుకులో కప్పు కడిగిన మనిషి కాదు. తాగిన కప్పు గడప మీద పెట్టి పోయేవాడు. ఆయన సారా సింకులో పొయ్యగల మనిషి, సిగరెట్లు విరవగల మనిషి, నేను తోమిన గిన్నె మళ్లీ తోమగల మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. మా అత్త.

మొదట పడీపడీ నవ్వాను. తరవాత నవ్వు ఆగిపోయింది.

పెద్దల రోజు దాటాక ఫ్రిజ్‌లో పులుసు కనబడితే, నేనే కొంచెం తీసి ఉంచానేమో అనుకునేదాన్ని. మా అత్తకు నేను ఏనాడూ విస్తరి వెయ్యలేదు. ఆవిడ వాటా స్టాంగర్‌లో చిన్నకొడుకు ఇంట్లో పెడతారు. ఆవిడ పోయింది అక్కడే. ఈ వంటింట్లో సింకు దగ్గర గొడవపడి, మూట కట్టి బస్సెక్కించింది నేనే. అంకయ్య బతికుండగానే, ఆర్నెల్లు తిరక్కుండా పోయింది. అంకయ్య మట్టుకు ఒక్కసారీ రాలేదన్నమాట. ఎక్కడో మిల్లు గేటు దగ్గర స్నేహితులతో కూర్చుని ఉంటాడు, ఆయన సంగతి నాకు తెలుసు.

పదకొండేళ్లు తలుపు ఇవతల కూర్చుని ఆవిడ మీద చాడీలన్నీ ఆవిడకే చెప్పాను. చక్కెర దాచేదని, గుడ్లు లెక్కపెట్టేదని, పోయాక ఇల్లు ప్రశాంతంగా ఉందని కూడా చెప్పాను. అన్నీ విని, గిన్నెలు తోమి, నా నీడ దగ్గర టేపు ఆపుకుని చూసుకుని వెళ్లేది. వచ్చే ఏడు మళ్లీ వచ్చేది. 

టేపు పోస్టులో పంపకు. శనివారం పొద్దుటి బస్సుకి నేనే వస్తున్నాను. అడ్రసు నా నోటితోనే చెబుతాను, ఈసారి తలుపు మూయను. పైన్‌టౌన్ వస్తే ఆవిడ ఇష్టం, రాకపోయినా ఆవిడ ఇష్టం. రమ్మని పిలవడం నా వంతు.

ఉంటాను,
సావీ

తా.క. ముప్పై ఏళ్లు ఒకే వంటింట్లో తిరిగాం. ఆవిడకు ఏం తినడం ఇష్టమో నాకు తెలియదు, ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు. నీ గిన్నెల్లో ఏది తగ్గుతోందో చూసి వెంటనే రాయి. వండుకుని వస్తాను.