గడియారం మొదలైంది

ప్రియమైన బావకి,

"నీ బండి ఏ రోజు మొరాయించినా ఒక్క ఫోన్ కొట్టు. పది నిమిషాల్లో నా బండి నీ గుమ్మంలో ఉంటుంది." ముప్పై రెండేళ్ళ కిందట మా ఇంటి మెట్ల మీద కూర్చుని, చేతికంటిన గ్రీజుని నేనింకా చదవని పేపరుకి తుడుస్తూ నువ్వన్న మాట ఇది. సాక్షులు ఇద్దరు. ఒకరు మా అక్క, అంటే నీ భార్య. ఇంకొకరు నా భార్య. ఆవిడ ఇప్పుడు లేదు. ఎందుకు లేదో నీకు తెలుసు.

నువ్వు బదిలీ మీద వెళ్ళి స్థిరపడ్డ ఊరి నుంచి, అక్కకి ఒంట్లో బాగాలేదనీ, ఒకసారి వచ్చి చూసి పొమ్మనీ రాశావు. ఫోన్లో మీ గొంతు వినననీ, మీ గడప తొక్కననీ ఆవిడ పోయిన రోజే చెప్పాను కాబట్టి ఉత్తరం రాయడం మంచి పనే. డిపోలో బస్సు ఇంజిన్లు విప్పిన చేతికి కలం బరువే అయ్యుంటుంది. రెండు పేజీల్లో పదకొండు తప్పులు. బతుకంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, ఊరుకోలేక దిద్దాను.

వస్తాను. కానీ ముందు మన కార్ల తగువు తేలాలి. నీది సుప్రా, నాది ఆర్‌ఎక్స్-7. రెండూ జపాన్‌వే, రెండూ మన చేతికొచ్చేసరికి ఇంకొకరు తోలి వదిలేసినవే. ఏది సొంతం చేసుకోదగ్గ బండి అని మనం వాదించుకున్నన్ని పూటలు మన ఆడవాళ్ళు మనతో మాట్లాడి ఉండరు. నీ ఆరు సిలిండర్ల ఇనప దిమ్మ గొప్పదని నువ్వు. పిస్టనే లేకుండా గిర్రున తిరిగే నా రోటరీ ఇంజిన్ గొప్పదని నేను. "అది స్టార్ట్ అయినప్పుడు కదరా" అని నువ్వు. ఆ వెక్కిరింతలోంచే పది నిమిషాల మాట పుట్టింది.

దాన్ని నేను పరీక్షించాను కూడా. ఫోన్ చేసి "గడియారం మొదలైంది" అని పెట్టేసేవాణ్ణి. స్టాప్‌వాచ్ నొక్కి గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఏడుసార్లు పిలిచాను, ఏడుసార్లూ వచ్చావు. ఒకసారి ఎనిమిది నిమిషాలకే, ఒక చెంప మీద గెడ్డం సబ్బు నురగతో. నువ్వు దిగేసరికి నా బండి హాయిగా స్టార్ట్ చేసి చూపించేవాణ్ణి. నా భార్య నా తరఫున సిగ్గుపడి నీకు కాఫీ ఇచ్చేది.

ఎనిమిదోసారి ఆవిడకి ఊపిరాడలేదు. నా బండి స్టార్ట్ కాలేదు. ఫోన్ చేశాను. నువ్వు రాలేదు.

కాబట్టి నీ చేత్తో ఒక కాగితం రాసి పంపు. మాట తప్పింది నేను, మెరుగైన బండి ఆర్‌ఎక్స్-7, అని. అందిన రోజే బయల్దేరతాను.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

ఈసారి ఎన్ని తప్పులున్నాయో నువ్వే చూసుకో. మీ అక్క పడుకుంది. ఈ మధ్య కూర్చోవడం తగ్గింది.

మాట తప్పింది నేను. ఇదిగో, రాశాను. కింద సంతకం కూడా పెడతా.

రెండోది మాత్రం నావల్ల కాదురా. నీ బండి మలుపు తిరిగినట్టు నాది తిరగదు, ఒప్పుకుంటా. ముక్కు తేలిక దానికి. చూడ్డానికీ బాగుంటుంది. కానీ సొంతం చేసుకోవడమంటే దానితో రోజూ కాపురం చెయ్యడం. పెట్రోలుతో పాటు ఆయిలూ తాగే బండి. చల్లటి ఇంజిన్ని స్టార్ట్ చేసి నాలుగడుగులు జరిపి ఆపేస్తే, లోపల పెట్రోలు నిండిపోయి అలిగి కూర్చుంటుంది. స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా ఆపకురా అని నీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. నాది మోటుది. నెలల తరబడి కప్పేసి వదిలేసినా తాళం తిప్పితే లేస్తుంది. మొన్న కూడా లేచింది. మీ అక్కని అందులోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా, ముందు సీటు వాల్చి పడుకోబెట్టి. దారంతా "మా తమ్ముడి బండి అయితే ఇంత ఒరగదు" అని సణిగింది. చూశావా, నా బండిలో పడుకుని నీ బండికి వకాల్తా.

నీకేదో చెప్పాలంటోంది. నన్ను రాయొద్దంది. వాడి మొహం చూసే చెబుతానంది. డాక్టరు వారాలు అంటున్నాడు, నెలలు అనట్లేదు. రారా.

మీ బావ

*

ప్రియమైన బావకి,

పద్నాలుగు.

"వారాలు" అన్న మాటని నా మెడ మీద పెట్టి నొక్కుదామని చూస్తున్నావు. కాలం అంటే ఏమిటో నాకు నేర్పకు. ఆ రోజు పొద్దున పదకొండు గంటలకి స్టాప్‌వాచ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పది నిమిషాలు దాటాయి. పదిహేను. వెనక గదిలో ఆవిడ పీల్చే ప్రతి ఊపిరీ వినపడుతోంది. ఇరవై మూడో నిమిషంలో పక్కింటి టైలరు తలుపు కొట్టాను. అతని వ్యానులో బట్టల మూటల మధ్య పడుకోబెట్టి తీసుకెళ్ళాం. "ఒక్క పావుగంట ముందు తెచ్చి ఉంటే" అన్నాడు డాక్టరు. ఆ పావుగంట నీది.

అక్క ఏం చెబుతుందో నాకు తెలుసు. ఈ ముప్పై ఏళ్ళలో రెండుసార్లు మా ఇంటికొచ్చింది. రెండుసార్లూ "ఆ రోజు ఏమైందంటే" అని మొదలుపెట్టింది. నీ మొగుడి తరఫున మాట్లాడేదైతే చెప్పులు వేసుకో అన్నాను. వేసుకుంది. రెండోసారి ఎడమ చెప్పు దొరక్క వరండా అంతా వెతుక్కుంది. నేను లేచి వెతకలేదు.

ఇక నీ కాపురం కబుర్లు. నేను చదివినన్ని పుస్తకాలు నువ్వు కళ్ళతో చూసి ఉండవు, వాటిలో ఎక్కడా బరువుని గుణంగా పొగడటం చూడలేదు. నీ సుప్రా గొప్పతనమంతా చావకపోవడం. గాడిద కూడా త్వరగా చావదు. నిన్న కవరు తీసి నా బండిని చూశాను. ఆ రోజు తర్వాత దాని తాళం తిప్పలేదు. అయినా ఆ ఒంపు చూస్తే, ఎవడో చేత్తో చెక్కి నీళ్ళలో నానబెట్టి నునుపు చేసినట్టుంటుంది. నీది బస్సు. బస్సుల మనిషికి తగ్గ బండి.

సగం కాగితం నాకు వద్దు. రెండు వాక్యాలూ కావాలి.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

ఇదిగో.

మాట తప్పింది నేను. మెరుగైన బండి ఆర్‌ఎక్స్-7. సుప్రా బస్సులాంటిది. ఇది నా ఇష్టపూర్తిగా రాసినది. సంతకం.

మీ అక్కకి చదివి వినిపించా. నవ్వింది. "ఇన్నేళ్ళకి ఓడిపోయారా" అంది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు ఆగడానికి చాలా సేపు పట్టింది. కిటికీ వైపు మంచం జరిపించుకుంది, నువ్వొస్తే వీధి మొగలోనే కనపడతావని. నీకు ఇష్టమని వక్కపొడి డబ్బా నింపించింది.

రైలెక్కు. నేను స్టేషనుకి వస్తా. నా బండి ఎక్కనంటావేమో, ఆటో మాట్లాడి ఉంచుతా.

మీ బావ

*

ప్రియమైన బావకి,

కాగితం అందింది. దిద్ది ఇదే కవరులో తిప్పి పంపుతున్నాను.

"మాట తప్పింది నేను" అన్నచోట ఏ మాటో లేదు. తేదీ లేదు. ఎవరు పోయారో లేదు. "ఇష్టపూర్తిగా" అన్న పదం కింద ఎర్ర గీత చూడు. అది అబద్ధం. అక్కడ "సిగ్గుతో" అని ఉండాలి. సుప్రా గురించిన వాక్యంలో వెటకారం ఉంది, తీసెయ్. శుభ్రంగా తిరగరాసి పంపు. వెంటనే బయల్దేరతాను.

వక్కపొడి నేను మానేసి పదేళ్ళయింది. అక్కకి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నీ బామ్మర్ది

*

బామ్మర్దికి,

నీ ఎర్ర సిరా శుక్రవారం వచ్చింది. మీ అక్క గురువారం పొద్దున పోయింది.

నీకు ఫోన్ చేశా. మూడుసార్లు మోగి మోగి ఆగింది. ఎత్తవని తెలుసు, అయినా చేశా. శనివారం దాకా దహనం ఆపుదామన్నారు ఇంట్లోవాళ్ళు. ఎవరి కోసం అన్నా.

ఆవిడ చెప్పాలనుకున్నది ఇప్పుడు నేను చెబుతున్నా. ఆ రోజు నేను రాత్రి డ్యూటీ దిగి, పొద్దున తొమ్మిదింటికి పడుకున్నా. పదకొండింటికి ఫోన్ మోగింది. ఎత్తింది మీ అక్క. ఎత్తిందెవరో కూడా చూసుకోకుండా నువ్వు రెండే మాటలన్నావు. "గడియారం మొదలైంది." పెట్టేశావు. ఆవిడకి ఒళ్ళు మండింది. రాత్రంతా బస్సుల కింద పడుకున్న మనిషిని మళ్ళీ పరిగెత్తిస్తాడా అనుకుని, రిసీవరు తీసి పక్కన పెట్టేసింది. నేను సాయంత్రం దాకా నిద్రపోయా.

"నేనే వాడికి చెప్పుకుంటాను, మీరు చెప్పకండి" అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. ముప్పై ఏళ్ళు చెప్పలేదు. మాట తప్పినవాడని నువ్వు ఊరంతా చెప్పిన మనిషి ఆ ఒక్క మాట తప్పలేదు. నువ్వు చెప్పులు వేసుకోమన్న రెండుసార్లూ ఆవిడ వచ్చింది అందుకే.

ఒక్కటి అడుగుతా. అవతల చెల్లెమ్మకి ఊపిరాడట్లేదు. నీ నోటికి ఆ ఆట మాటలే ఎలా వచ్చాయి? "తొందరగా రండి, ఈవిడ చచ్చిపోతోంది" అని ఎందుకు అనలేదు? నాకు తెలుసులే. నా బండి స్టార్ట్ కాలేదు అని అనాల్సి వస్తుంది. అంటే వాదంలో ఓడిపోతావు.

కాగితం తిరగరాయను. సుప్రాయే మెరుగు. అది ఆ రోజు మా ఇంటి ముందు తాళంతో సహా నిలబడే ఉంది.

మీ బావ

*

ప్రియమైన బావకి,

ఈసారి తప్పులు చూడలేదు.

ముందు నీకు తెలియనిది ఒకటి రాస్తాను. ఆ రోజు ఎనిమిదింటికి బండి కడుగుదామని నీడలోకి ఆరడుగులు జరిపి ఆపేశాను. చల్లటి ఇంజిన్. నువ్వు చెయ్యొద్దన్న పనే. పదకొండింటికి తాళం తిప్పితే లేవలేదు. ఎందుకో అప్పుడే తెలుసు. అందుకే ఆ వాక్యం నోటికి రాలేదు. నేను ఫోన్లో అన్నది వెనక గదిలోంచి నా భార్య వింది కూడా. ఫోన్ పెట్టేశాక నావైపు చూసింది. "సరిగ్గా చెప్పండి" అంది. ఆ మాటకి ఎంత ఊపిరి ఖర్చయిందో. నేను స్టాప్‌వాచ్ చూసుకుంటూ, వస్తాడులే, ఎనిమిది నిమిషాల్లో వస్తాడు అన్నాను. నువ్వు వస్తావని నాకు అంత నమ్మకం. ఆ నమ్మకం కూడా నీ తప్పే.

నువ్వు ఆ సాయంత్రమే నిజం చెప్పి ఉంటే అక్కతో అప్పుడే పోట్లాడేవాణ్ణి. ఒక ఏడాది, పోనీ రెండేళ్ళు. తర్వాత రాజీ పడేవాణ్ణి, అక్కతో ఎవరు ఎంతకాలం పోట్లాడగలరు. నువ్వు నోరు మూసుకుని నింద మోసి పెద్దమనిషివయ్యావు. నా చేత తప్పు మనిషిని తిట్టించావు. ఎడమ చెప్పు కోసం వెతుక్కునే మా అక్కని చూస్తూ నన్ను కూర్చోబెట్టావు.

స్టాప్‌వాచ్ ఈ కవరులో పెట్టాను. ఇరవై మూడు దగ్గర ఆగింది, మళ్ళీ నొక్కలేదు. నీ దగ్గర ఉంచుకో.

ఎవరిని నిందించాలా అని వారం రోజులు కూర్చున్నాను. నా భార్య పోయింది. అక్క పోయింది. నన్ను నేను తిట్టుకుంటే ఈ ఇంట్లో వినేవాళ్ళు లేరు. తిడితే తిరిగి ఉత్తరం రాసే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే మిగిలాడు. అందుకని నేను ఇప్పటికీ నిందించేది నిన్నే, బావా.