స్నానాల గదిలో లేని మనిషి

గౌరవనీయులైన గృహరుణాల విభాగాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉమ్మడి గృహరుణంలోని మొదటి రుణగ్రహీత, పరిశీలన జరిగిన నాడు మా స్నానాల గదిలో లేరని తెలియజేస్తూ, సదరు నివేదికను రద్దు చేయమని కోరుట గురించి.

ఇద్దరి పేర ఉన్న ఇంట్లోంచి ఒకరు వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళు ఎవరింట్లో ఉంటున్నట్టు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా పట్టుకుని ఉంది. నిజానికి మా ఆయన ఇల్లు వదిలి వెళ్ళకముందే, ఆయన ముందు గదిలోనూ నేను వెనక గదిలోనూ పడుకోవడం మొదలైన రోజుల్లోనే ఇది పుట్టింది. అర్జీలో ఇలాంటి ప్రశ్నలు వేయకూడదని తెలుసు. తమరు అడిగింది కూడా ఇది కాదు. "మీకు కావలసిందేమిటో ఒక్క ముక్కలో రాసుకురండి" అన్నారు. ఆ ఒక్క ముక్క కోసమే ఇన్ని కాగితాలు పాడుచేశాను.

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. బావుల నుంచి, ట్యాంకుల నుంచి పట్టి తెచ్చిన సీసాలను పరీక్షించి నివేదికలు రాయడం నా ఉద్యోగం. సంగతి తేలనప్పుడు "తేలలేదు" అని రాసి సంతకం పెట్టే వీలు మాకు ఉంది. తమ విభాగంలో అలాంటి గడి లేదని మొన్న వచ్చినప్పుడు గ్రహించాను. కాబట్టి తేలినంతవరకు వరుస అంకెలు వేసి విన్నవించుకుంటున్నాను.

1. సదరు గృహము మూడో అంతస్తులో రెండు పడకగదులు, ఒక ముందు గది, ఒక వంటిల్లు కలిగినది. నా పేర, నా భర్త పేర ఉమ్మడిగా కొన్నది. ఆయన లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. మా భవనానికి లిఫ్టు లేదు. ఆ సంగతి తలచుకుని కొన్నాళ్ళు నవ్వుకున్నాం. తర్వాత అదీ మానేశాం.

2. సదరు రుణగ్రహీతల మధ్య కొట్లాట గానీ, మూడో మనిషి గానీ, కోర్టు వ్యవహారం గానీ లేవు. ఇది విని తమ గుమాస్తా గారు "మరెందుకు విడిపోయారండీ?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. మా ఆయన "ఇద్దరం మంచివాళ్ళమేనండీ, ఒకే ఇంట్లో ఉన్నప్పుడు తప్ప" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. వంట ఏం చేయమంటారని నేనడిగితే "నీ ఇష్టం" అనేవారు. గోడలకు ఏ రంగు వేయిద్దామని ఆయనడిగితే "మీ ఇష్టం" అనేదాన్ని. ఎవరి ఇష్టాన్ని వాళ్ళు రెండోవాళ్ళకు అప్పజెప్పుకుంటూ పోగా, చివరికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. గోడలకు ఇప్పటికీ కొన్ననాటి తెల్ల సున్నమే ఉంది.

3. ఆయన తన పనిచోటికి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ, మాతోనే ఉంటున్న తల్లిని తనతో రమ్మన్నారు. మా అత్తగారు కుర్చీలోంచి లేవలేదు.

"నువ్వు రోజంతా లిఫ్టుల్లో పైకీ కిందికీ తిరుగుతుంటే, నేను ఆ గదిలో కూర్చుని గోడలకు కబుర్లు చెప్పనా? ఇక్కడైతే పోట్లాడుకోవడానికి కోడలన్నా ఉంది. నీకు బుద్ధి పుడితే నువ్వే రారా."

ఆయన మెట్లు దిగాక నా వైపు తిరిగి, "నువ్వు పొమ్మంటే పోతానమ్మాయ్" అన్నారు. నేను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దింపడానికి వెళ్ళాను. ఆవిడ దాన్నే జవాబుగా తీసుకున్నారు.

4. ఇక అసలు సంగతి. ఇల్లు నా ఒక్కదాని పేరుకు మార్చి, మా ఆయనను రుణ బాధ్యత నుంచి విడుదల చేయమని ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. అందుపై విచారణకు తమ పరిశీలకుడు మా ఇంటికి వచ్చారు. నేను ప్రయోగశాలలో ఉన్నాను. తలుపు తీసింది మా అత్తగారు. జరిగింది ఆవిడ నోట విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"మొదటి రుణగ్రహీత ఇక్కడే ఉంటున్నారా అమ్మా?"

"ఉండక ఎక్కడికి పోతాడు నాయనా? వాడిల్లు."

"ఒకసారి పిలుస్తారా?"

"స్నానానికి వెళ్ళాడు."

ఆయన అంతటితో వెళ్ళిపోతారని మా అత్తగారి అంచనా. ఆయన కూర్చుంటానన్నారు. ఆవిడ కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్ళి స్నానాల గదిలో పంపు తిప్పి, తలుపు దగ్గరకు లాగి వచ్చారు. బకెట్టు నిండింది. పొర్లింది. పరిశీలకుడు గారు మళ్ళీ గడియారం చూసుకుంటే ఇంకో కాఫీ ఇచ్చారు.

"ఇంతసేపు చేస్తారా అమ్మా స్నానం?"

"చిన్నప్పటి నుంచీ అంతేనయ్యా. నీళ్ళు కనిపిస్తే వదలడు. వాళ్ళ నాన్నా అంతే, బావి దగ్గరికి పంపితే మనిషిని పంపి పిలిపించుకోవాల్సి వచ్చేది."

ఓపిక నశించి ఆయనే వెళ్ళి తలుపు తట్టి "సార్, బ్యాంకు నుంచి వచ్చానండీ" అన్నారట. నీళ్ళ చప్పుడు తప్ప జవాబు లేదు. "సబ్బు కళ్ళల్లో పడి ఉంటుంది" అన్నారు మా అత్తగారు. తమ పరిశీలకుడు మర్యాదస్థుడు. తలుపు తోసి చూడలేదు. రుణగ్రహీతలిద్దరూ సదరు గృహమునందే కలిసి నివసించుచున్నారని రాసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి పైన ట్యాంకు ఖాళీ. కింది వాటాల వాళ్ళు మెట్ల మీదే నన్ను పట్టుకుని నిలదీశారు. లోపలికి వచ్చి, "ఎందుకలా చెప్పారు అత్తయ్యా?" అని అడిగాను.

"ముక్కూ మొహం తెలియనివాడు గుమ్మంలో నిలబడి అడిగితే, నా కొడుకు పెళ్ళాన్నీ తల్లినీ వదిలేసి వెళ్ళాడని చెప్పమంటావా? నా నోట ఆ మాట రాదు. నువ్వు చదువుకున్నదానివి, నీకు వస్తుందేమో."

నాకూ రాదు. అందుకే రాసి ఇస్తున్నాను.

5. అత్తగారు చెప్పింది ఆ సాయంత్రమే ఆయనకు చెబుదామని ఫోను తీశాను. "ఏమండీ" అనాలో "హలో" అనాలో తెలియక పెట్టేశాను. ఆ తర్వాత తమ కార్యాలయం నుంచి పిలుపు వస్తే, ఎవరి దారిన వాళ్ళం వచ్చి గుమ్మం దగ్గర కలుసుకున్నాం. జంటగా కనిపించేసరికి ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి చక్కటి నవ్వుతో, "మేడమ్, దంపతుల కోసం కొత్త పాలసీ వచ్చింది. ఒకరికి ఏమైనా అయితే రెండోవారికి..." అని మొదలుపెట్టింది. "మాకు ఆల్రెడీ అయిందమ్మా" అన్నారు మా ఆయన.

తమరు ఫైలు తెరిచి, "కలిసే ఉంటున్నట్టు రిపోర్టు ఉందే" అన్నారు. కాదన్నాం. "మా మనిషి వచ్చినప్పుడు సారు స్నానం చేస్తున్నారట కదా?"

"నేనా?"

"మీ అమ్మగారే చెప్పారట."

మా ఆయన నా వైపు చూశారు. నేను బల్ల వైపు చూశాను. ఆయన ఎంతో వినయంగా, "ఎంతసేపు చేశానటండీ?" అని అడిగారు. తమరు కాగితం చూసి, "చాలాసేపు" అన్నారు.

అక్కడ మా ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఒకే సంగతికి ఒకేసారి నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆపుకుందామంటే ఆగలేదు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగితే, ఆయన అలవాటు కొద్దీ జేబురుమాలు తీసి ఇచ్చారు. నేను అలవాటు కొద్దీ తీసుకున్నాను. తమరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇంకా రిపోర్టు దేనికండీ, కళ్ళారా చూస్తున్నాగా" అని ఫైలు మూసేశారు. విడిపోయినట్టు నటించి రెండో ఇంటికి రుణం అడిగేవాళ్ళను తమరు బోలెడుమందిని చూశారని కూడా సెలవిచ్చారు.

అయ్యా, ఆ నవ్వును సాక్ష్యంగా తీసుకోవద్దని ప్రార్థన. ఒకప్పుడు కలిసి చదువుకున్నవాళ్ళు కూడా ఎదురుపడితే అలా నవ్వుకుంటారు. అది వట్టి నవ్వేనా అని తిరిగి వెళ్తూ బస్సులో నేను దిగాల్సిన చోటు దాటిపోయేదాకా ఆలోచించిన మాట నిజం. కానీ ఈ వాక్యాన్ని తమరు పరిగణించనవసరం లేదు.

6. ఆయన పేరు తీసేస్తే నా ఒక్క జీతం రుణానికి ఆనదని, కుటుంబంలో ఇంకొకరు తోడు సంతకం చేయాలని తమరు అన్నారు. మా అత్తగారు బడిపంతులమ్మగా చేసి విరమించినవారు, పింఛను వస్తుంది, ఆవిడ చేస్తారని నేను ఎంతో ఆశగా చెప్పాను.

"ఆవిడ మీకేమవుతారు?"

"అత్తగారండీ."

"ఆయన్ని తీసేయమంటున్నారు కదమ్మా. ఆయన్ని తీసేశాక ఆవిడ మీకేమవుతారు?"

తమరు వెటకారంగా అనలేదు. నిజంగానే ఏ గడిలో రాయాలో తెలియక అడిగారు. అందుకే ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు. ఆవిడకు మోకాళ్ళ నొప్పి ఏ కాలికి ముందు వస్తుందో నాకు తెలుసు. నేను ఆలస్యంగా వస్తే కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నన్ను తిట్టుకునేది ఆవిడే. ఉప్పు ఎక్కువైందని అలుగుతారు, అలిగి తింటారు. ఇవన్నీ కలిపితే ఏ బంధుత్వమవుతుందో నేనూ చెప్పలేకపోయాను. కొడుకు ద్వారా వచ్చిన చుట్టరికం, కొడుకుతోపాటే పోవాలి కాబోలు. చట్టం అలా అంటే నేను కాదనగలదాన్ని కాను.

7. మా అత్తగారి మీద అబద్ధం చెప్పిన నేరమేదీ మోపవద్దని మనవి.

8. మా ఆయన తప్పు కూడా ఇందులో ఏమీ లేదు. ఈ రుణంలో పేరు ఉన్నంతకాలం ఆయనకు సొంతంగా ఒక గూడు కొనుక్కునే దారి లేదు. ఆ అద్దె గదిలో వంట చేస్తే పక్క మీద పొగ, కిటికీ తీస్తే పక్కింటివాళ్ళ గోడ. తమ కార్యాలయం మెట్లు దిగుతూ ఆయన అన్నారు:

"ఎన్నాళ్ళని అలా ఉండను? పోనీ ఇల్లు అమ్మేద్దామంటే మీరిద్దరూ ఎక్కడికి పోతారు? అమ్మ ఆ గదిలో ఒక్క పూటైనా ఉండగలదా? నువ్వే చెప్పు, ఏం చేద్దాం?"

"మీరే చెప్పండి."

"నీ ఇష్టం."

ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం. ఈసారి నవ్వు రాలేదు.

9. నివేదిక తప్పని రాసిస్తే మళ్ళీ మనిషిని పంపుతామని, రాసివ్వకపోతే పాతదే చెల్లుతుందని తమరు చెప్పారు. కావున పై నివేదికను రద్దు చేసి, పునఃపరిశీలనకు ఉత్తర్వులు ఇప్పించి, అత్తాకోడళ్ళు ఇద్దరూ తోడు సంతకాలతో ఒక ఇంట్లో ఉండడానికి తమ నిబంధనలలో ఎక్కడైనా సందు ఉంటే వెతికి చూడమని, లేకపోతే లేదని అయినా స్పష్టంగా తెలియజేయమని వేడుకుంటున్నాను. ఎవరైనా కాదు అని గట్టిగా చెప్పినా ఇప్పుడు నాకు మేలే.

తమరు పెద్ద మనసుతో ఈ విన్నపాన్ని చిత్తగించి, ఏదో ఒక దారి సెలవిప్పించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
రెండవ రుణగ్రహీత

తా.క.: మా అత్తగారు ఈ అర్జీని చదివించుకుని విన్నారు. "రెండు కాఫీలని రాశావు, మూడు తాగాడు" అన్నారు. దిద్దుకోవలెను. తర్వాత కాగితాలు మడిచి నా చేతికిచ్చి అడిగారు.

"అయితే ఇది ఇస్తే మళ్ళీ మనిషి వస్తాడా?"

"వస్తాడు అత్తయ్యా."

"ఈసారి నేను తలుపు తీయను. నువ్వే తీయి."

అని వెళ్ళి పడుకున్నారు.

అయ్యా, ఇంతా రాసి సంతకం పెట్టాను గానీ, దాచకుండా చెప్పవలసింది ఒకటుంది. ఆ మనిషి నన్ను అడిగినప్పుడు, మా ఆయన ఇక్కడ లేరంటే ఆయన రుణం నుంచి బయటపడతారు, నా ఒక్క జీతం ఆనక ఇల్లు పోయి ఆవిడ నాకు ఏమీ కాకుండా పోతారు. ఉన్నారంటే ఆవిడ ఉంటారు, ఆయన ఆ గదిలోనే ఉండిపోతారు. ఏమని చెప్పాలో నేను ఇంకా నిర్ణయించుకోలేదు.