తెగిన వైరు సంగతి

చిరంజీవి పెద్దపాపకి,

అమ్మ దీవించి రాస్తున్నది. నేనూ నాన్నా బాగానే ఉన్నాం. ఉత్తరమంటే ముందు ఆ ముక్క ఉండాలి కాబట్టి రాశాను, ఎంత బాగున్నామో నీకు తెలియనిది కాదు. నువ్వు వేళకి తింటున్నావనీ, దగ్గు తగ్గిందనీ అనుకుంటున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకుని చదువు. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగంలో. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. నీ గొంతు వినగానే ఫోను నాన్న చేతికిచ్చేస్తాను.

నువ్వు అడిగినవి చెబుతాను. నాన్న మళ్ళీ బస్సు డ్యూటీకి వెళుతున్నారు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే నేను కిటికీ వదలను. అంబులెన్సు కూత వినబడితే కుట్టుమిషను ఆపేసి, అది ఎటు పోతోందా అని చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. పరదాల కొట్టు ఆవిడ నాకు పని ఇస్తూనే ఉంది, మంచిదే.

ఇంకొకటి అడిగావు. "తమ్ముడి సంచిలో దొరికిన గేమ్ రిమోటు వైరు అసలు ఎలా తెగిందమ్మా? సెలవుకి వస్తున్నా, గేమ్ సిద్ధంగా ఉంచరా అని నేను రాసినందుకేనా వాడు ఆ మధ్యాహ్నం రిపేరుకి బయల్దేరింది?" అని. రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ చూడనట్టు దాటేశాను. ఇందులో చెబుతాను. చెబితే నువ్వు నన్ను అమ్మా అని పిలవడం మానేస్తావేమోనని భయం. చెప్పకపోతే ఆ బరువు నువ్వు మోస్తావని ఇంకా భయం. కాస్త ఓపిక పట్టు, నేరుగా రాయడానికి చెయ్యి రావడం లేదు.

వాడు పోయాక ఆస్పత్రి వాళ్ళిచ్చిన సంచిని ఐదు నెలలు బీరువాలోంచి తీయలేదు. నువ్వు వచ్చేసరికి రిమోటు బాగుండాలని పోయిన వారం తీశాను. మీరిద్దరూ రేడియో బాబాయి అని పిలిచే రిపేరాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఇంత పాతదానికి వైరు దొరకదన్నాడు. మళ్ళీ తనే నాలుగు రోజులు తిరిగి ఎక్కణ్ణించో కొత్త వైరు తెచ్చాడు. చేసిపెట్టమని అడగలేదు నేను. "నేనే చేస్తాను అన్నయ్యా, చూపించు" అన్నాను.

"సూది పట్టే చెయ్యేగా, కాలితే మాత్రం నన్ననకు," అని స్టూలు లాగాడు.

వెనక స్క్రూలు తీస్తే లోపల ఆకుపచ్చ పలక, దానికి ఐదు సన్నటి వైర్లు. నాకేం తెలుసు? పాతదాంట్లో ఎరుపు ఉన్నచోట కొత్త ఎరుపు, తెలుపు ఉన్నచోట కొత్త తెలుపు పెట్టి టంకం వేశాను. అతను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏంటి చెల్లెమ్మా, గౌనుకి దారం చూస్తున్నావా? రంగుకి రంగు కలిపేశావు!"

"మరి రంగులెందుకు పెట్టారు?"

"పాతది చేసినవాడి రంగులు వాడివి, కొత్తది చేసినవాడివి వాడివి. ఏ వైరు ఏ పిన్నుకి పోతోందో మీటరు పెట్టి చూడాలి. ఇలాగే తగిలించి ఉంటే మీ గేమ్ పెట్టె కాలిపోయి ఊరుకునేది."

ఆ పెట్టెలో వాడు సగంలో ఆపుకున్న ఆటలున్నాయి. అవీ నా చేతుల్లోనే పోయేవన్నమాట. ఐదూ ఊడదీశాను. మీటరు పుల్ల ఒకటి ప్లగ్గు పిన్నుకి, ఇంకొకటి వైరు కొసకి. కుయ్యిమంటే ఆ పిన్నుకి పోయే వైరు అదేనన్నమాట. ఆస్పత్రిలో వాడి మంచం పక్కన అలాగే ఒక మిషను కూసేది. ఐదుసార్లు కూసింది, ఐదుసార్లూ కళ్ళు మూసుకున్నాను.

మూత పెట్టేముందు అతను కొత్త వైరుని లోపలున్న రెండు ప్లాస్టిక్ గూటాల మధ్య మెలిక తిప్పాడు. ఎందుకని అడిగాను.

"ఎవరైనా లాగితే ఆ లాగుడు గూటాలు కాస్తాయి, టంకం దాకా పోనివ్వవు. అసలు మూడుండాలి, ఒకటి విరిగింది." పాత వైరు ముక్క తీసి అటూ ఇటూ తిప్పాడు. "పాతబడి తెగిందన్నావు కదూ? పాతబడితే ఇలా తెగదు చెల్లెమ్మా. ఎవరో పంతంగా లాగారు."

నా మొహం చూసి, స్క్రూలు వెతుక్కుంటున్నట్టు అతనే తల దించుకున్నాడు.

లాగింది నేనే, పాపా.

ఆ రోజు హోటలు పరదాలు సాయంత్రానికి ఇవ్వాలి. పద్నాలుగు మిగిలాయి. ఇస్త్రీ చెయ్యి రా అని మూడుసార్లు పిలిచాను. "ఈ ఒక్కటి అయ్యాక అమ్మా, ఈ ఒక్కటే" అన్నాడు. నాలుగోసారి పిలవలేదు. వెళ్ళి వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. రిమోటు వాడి చేతిలో, వైరు నా చేతిలో. తిట్టినా బాగుండేది. నవ్వాడు. "ఏం బలమే తల్లీ! అక్క వచ్చేలోపు చేయించకపోతే నన్ను బతకనివ్వదు" అన్నాడు. పద్నాలుగు పరదాలూ ఇస్త్రీ చేసి, మడతపెట్టి, అప్పుడు సైకిలు తీశాడు. వెళ్ళొస్తానమ్మా అన్నాడు. నాకింకా కోపం తగ్గలేదు. మిషను మీంచి తలెత్తలేదు. తలుపు చప్పుడు మాత్రం విన్నాను.

పాతబడి తెగిందని పోలీసులకి చెప్పాను, నాన్నకి చెప్పాను, మొదట్లో నీకూ అదే చెప్పాను. చెప్పిన కొద్దీ నాకే నిజమనిపిస్తుందని ఆశపడ్డాను.

నీ ఉత్తరం వల్ల కాదమ్మా. నేను గుంజకపోతే వాడు ఆ పూట ఇల్లు కదిలేవాడే కాదు. నా మీద కోపం పెట్టుకో, ఎన్నేళ్ళైనా పెట్టుకో. నీ మీద మాత్రం పెట్టుకోకు.

రిమోటు పనిచేస్తోంది. కొట్లోనే అన్ని మీటలూ నొక్కి చూశాం. మన పెట్టెకి తగిలించే ధైర్యం నాకు లేదు.

నాన్నకి ఇంకా తెలియదు. ఇవాళ ఆయన రాగానే ఈ కాగితాలు చేతికిస్తాను. కవరు మీద నీ అడ్రసు రాసేది ఎప్పుడూ ఆయనే కదా, ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. చదివి, చించి పారేసినా నేనేమీ అనను. నీదాకా వచ్చిందంటే మాత్రం, అంతా చదివాక కూడా కూర్చుని నీ అడ్రసు రాశారని తెలుసుకో.

మెట్ల మీద అడుగులు వినబడుతున్నాయి. తాళం తీస్తున్నారు. చాలా భయంగా ఉంది పాపా.

ఇట్లు,
మీ ఇద్దర్నీ కన్న
అమ్మ