లక్క ముద్ర తీసింది నేనే

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ ఆరోగ్యాల వరకు అందరం బాగానే ఉన్నాం. నువ్వూ మరదలూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పార్సెల్‌లో పెట్టిన ఉత్తరంలో నువ్వు అడిగినవి ముందు చెబుతాను. మీ బావ మోకాలికి పట్టీ సరిపోయింది. అది కట్టుకున్నప్పటి నుంచి అడిగినా అడక్కపోయినా మెట్లెక్కి దిగి చూపిస్తున్నారు. వంటింటి గోడకి చెమ్మ మాత్రం తగ్గలేదు. నా ఉద్యోగం ఎలా ఉందన్నావు. నీళ్ళ శుద్ధి కేంద్రంలో కంప్యూటర్లకి కాపలా, ఏమీ జరగనన్నాళ్ళూ బాగానే ఉంటుంది.

ఆ కాపలా ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నీళ్ళలో క్లోరిన్ ఎంత కలపాలో చూసేది ఒక కంప్యూటర్. ఎవరైనా పెన్‌డ్రైవ్ పెడితే అందులోంచి ఏ వైరస్ దూరుతుందోనని, దాని యూఎస్‌బీ రంధ్రాలకి బిళ్ళలు బిగించి, పైన లక్క ముద్ర వేయడం నేను పెట్టిన పద్ధతి. బయటి డ్రైవ్ ఎవరిదైనా ముందు మూలనున్న వేరే కంప్యూటర్‌లో పరీక్షించాలి. దానికి మరి దేనితోనూ సంబంధం ఉండదు, చెడితే అదొక్కటే చెడుతుంది. పెద్ద ఇంజనీరు గారి డ్రైవ్‌ని కూడా తిప్పి పంపేశాను. నా వెనకాల నన్ను లక్కమ్మ అంటారు. నాకు తెలుసు, కాస్త గర్వం కూడా.

పార్సెల్‌లో పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపిన పాప నడక వీడియో ఎలా ఉందని మొన్న నువ్వు ఫోన్‌లో అడిగితే, "ఆ పెన్‌డ్రైవ్‌కి జతది నీ దగ్గరుందిగా, ఏ కంప్యూటర్‌కీ పెట్టకు" అన్నాను. "అక్కా, నీకు చాదస్తం ముదిరింది" అని నవ్వావు. చాదస్తం కాదురా. అప్పుడు ఫోన్ పెట్టేశాను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నీ పార్సెల్ అందిన సోమవారం నాటికి ఆ పరీక్ష కంప్యూటర్ మరమ్మతుకి వెళ్ళింది. మా ఇంట్లో కంప్యూటర్ లేదు, నా ఫోనేమో మీటలది. మూడు రోజులు ఆగితే సరిపోయేది. ఆ డ్రైవ్‌ల జత ఏదో ప్రదర్శనలో ఉచితంగా ఇచ్చారని నువ్వే రాశావు, అయినా నా తమ్ముడు పంపిందే కదా అనుకున్నాను. మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు లక్క గీకేసి, ఆ క్లోరిన్ కంప్యూటర్‌కే పెట్టాను. పాప మూడు అడుగులు వేసింది. నాలుగోది వేయబోతుండగా తెర మీద నల్లటి గడి ఒకటి తెరుచుకుని, ఎవరో టైపు కొడుతున్నట్టు గబగబా అక్షరాలు పడ్డాయి. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. డ్రైవ్ పీకేసి, మళ్ళీ లక్క వేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చేశాను.

తర్వాత నాలుగు రోజులూ గంటగంటకీ కుళాయి నీళ్ళు గాజు గొట్టంలో పట్టి క్లోరిన్ చూసుకుంటూ గడిపాను. సరిగ్గానే ఉండేది, అయినా గంట కాగానే మళ్ళీ పట్టేదాన్ని. ఊరంతా తాగే నీళ్ళురా. నిన్న సూపరింటెండెంటు గారు కొత్త లక్కని గమనించారు. సోమవారం నేను కాక ఆ గదిలోకి వెళ్ళింది పంపుల మెకానిక్ ఒక్కరే. ఆయన్ని అప్పటికప్పుడు పనిలోంచి తీసేశారు. ఆయన నేను కాదు మొర్రో అంటుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను. రాయడానికే సిగ్గేస్తోంది.

ఈ ఉదయం వెళ్ళి చెప్పేశాను. సూపరింటెండెంటు గారు ముందు ఆ కంప్యూటర్ ఆపించి, క్లోరిన్ చేత్తో కలపమని మనుషుల్ని పెట్టారు. అందులో ఏం దూరిందో తేలడానికి వారం పడుతుందట, అందాకా నన్ను రావద్దన్నారు. డ్రైవ్ ఎవరు పంపారంటే నీ పేరు చెప్పాను. వాళ్ళు ఫోన్ చేస్తే ఉన్నదున్నట్టు చెప్పు, నన్ను కాపాడాలని ఏమీ కల్పించకు. రెండో డ్రైవ్ పారేయకుండా కాగితంలో చుట్టి దాచు.

అక్కణ్ణుంచి నేరుగా మెకానిక్ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఈ నీళ్ళు పిల్లలకి పట్టొచ్చా అమ్మా?" అన్నాడు.

"పట్టొచ్చు. పొద్దున కూడా నా చేత్తో పరీక్షించాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత లేచి, పక్కనే నీళ్ళు తాగుతున్న తన చిన్నపిల్ల చేతిలోంచి గ్లాసు తీసుకుని, ఆ నీళ్ళు పారబోశాడు.

ఇట్లు,
నీ అక్క